రాయని బరువు

మా మేడమ్ పోయిన కబురు నాకు చీపురుపల్లిలో కిరాణా కొట్టు దగ్గర తెలిసింది. కొట్టతను కాటా మీద ప్లాస్టిక్ కవరు పెట్టి, అంకె సున్నాకి రాకుండానే కందిపప్పు పోసేశాడు. కవరు బరువు తియ్యలేదన్నాను. "కవరుకి బరువేటుంటాదమ్మా" అని నవ్వాడు. అంతలో ఫోను మోగింది. తెర మీద 'మేడమ్ తమ్ముడు' అని పడింది. ఆ నంబరుకి నేను చెయ్యడమే గానీ, అట్నుంచి ఎప్పుడూ ఫోను వచ్చింది లేదు.

"అమ్మా, మా అప్ప పోనాదమ్మా. నిన్న మాపటేల. పొద్దున్నే తీసేసినాం. దినానికి రా" అన్నాడు. కళింగపట్నం సముద్రపు గాలి ఫోనులోకి కూడా వస్తుంది. ఆ గాలిలో ఇంకేదో అన్నాడు గానీ వినపడలేదు. పెట్టేశాడు.

కొట్టతను పప్పు కవరు చేతికిచ్చాడు. దాన్ని అరచేతిలో ఒకసారి పైకెత్తి దించి చూశాను. అది నా అలవాటు కాదు, ఆవిడది. మనిషి పోయారని విన్న నిమిషానికే ఆవిడ అలవాటు నా చేతిలో కనబడేసరికి కొట్టు మెట్ల మీదే కూర్చున్నాను.

ఆవిడ చేతికి ఏది ఇచ్చినా ముందు బరువు చూసేవారు. టీ గ్లాసు ఇస్తే తాగకముందే ఒకసారి పైకెత్తి దించేవారు. పెళ్ళిపిలుపు ఇస్తే ముహూర్తం చదవకముందే "ఇందులో సగం అట్ట తీసేసినా పెళ్ళి ఆగదు" అనేవారు. మా కాలేజీ గుమాస్తా గారింట్లో బారసాలకి వెళ్ళి, ఒళ్ళో పెట్టిన పసిబిడ్డను అలా ఎత్తి "రెండు కిలోల తొమ్మిదొందలు" అన్నారు. సరిగ్గా అంతే. ఆ బిడ్డ నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి ఆవిడ ఎదురుగానే దిష్టి తీసి పారేసింది. "పిల్లలకి బరువు సెప్పకూడదు, మర్చిపోయినాను" అన్నారు బయటికొచ్చాక. పిల్లలు చాటున కాటా మేడమ్ అనేవాళ్ళు. ఆవిడకి తెలుసు, పట్టించుకునేవారు కాదు.

పొట్టి మనిషి. తెల్లకోటు మోకాళ్ళు దాటి వేలాడేది. క్లాసులో పుస్తకాల తెలుగు, తెర మీద విదేశాల వాళ్ళతో మీటింగయితే ఆచితూచి ఇంగ్లీషు. చేతిలోకి సిలికాన్ చిప్ తీసుకున్నారా, ఆ రెండూ పోయి కళింగపట్నం వచ్చేసేది. "ఒసే, ఊపిరి బిగబట్టు, నీ ఊపిరికి ఎగిరిపోతాది" అనేవారు. నిజంగానే ఎగిరిపోతుంది. వెంట్రుక కంటే పల్చన అది.

రాజాం పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, వర్క్‌షాపు వెనకాల గదిలో ఆవిడ పని. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక ప్రాజెక్టు సహాయకురాలిగా చేరాను. మాది చీపురుపల్లి దగ్గర వ్యవసాయం ఇల్లు. చేసే పనేమిటో మా నాన్నకి చెప్పడానికే నాకు నెల పట్టింది. దూరదేశంలో ఒక పెద్ద యంత్రంలో రేణువుల్ని ఎదురెదురుగా పరిగెత్తించి ఢీకొట్టిస్తారు. ఢీకొన్న చోటు నుంచి ఇంకా చిన్న రేణువులు నలుదిక్కులా చిమ్ముతాయి. అవి ఎటు వెళ్ళాయో తెలియాలి. అందుకని ఆ చోటు చుట్టూ సిలికాన్ చిప్‌లు పొరలు పొరలుగా పేరుస్తారు. ఒక్కో చిప్ మీదా లక్షల గళ్ళు, వాటినే పిక్సెళ్ళంటారు. రేణువు దూరిన గడి తన ఆనవాలు చెబుతుంది. ఒక్కో పొరకి ఒక చుక్క. ముగ్గు వేసినట్టు చుక్కలు కలిపితే అదే రేణువు వెళ్ళిన దారి. ఆ చిప్‌లని మోసే చట్రం తయారుచెయ్యడమే మా మేడమ్ పని. జానెడున్నర పొడవుండే కార్బన్ ఫైబర్ చట్రం. మేం నిచ్చెన అనేవాళ్ళం. తొమ్మిది చిప్‌లు వరసగా అతికించాక కూడా అగ్గిపెట్టెలో సగం బరువు తూగదు.

అంత తేలిక ఎందుకని చేరిన రోజే అడిగాను. ఆవిడ నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రోడ్డు చూపించారు.

"రాజాం కాంప్లెక్సులో ఒకడు బస్సు దిగి ఎటెల్తన్నాడో తెలియాలనుకో. దారిలో నలుగుర్ని నిలబెట్టినావు. ఆళ్ళు ఓరగా నిలబడితే ఆడి దారిన ఆడెల్తాడు, ఈళ్ళు సూస్తారు. బస్తాలెత్తుకుని అడ్డంగా నిలబడినారనుకో, ఆడు ఈళ్ళని తప్పుకుంటూ ఎల్తాడు. అప్పుడు నువ్వు రాసుకున్నది ఆడి దారా, నీ బస్తాలు తిప్పిన దారా?"

ఆ తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

అందుకే ఆవిడ బతుకంతా తీసివెయ్యడమే అయింది. మరలు తీసేశారు. చల్లబరిచే నీటి గొట్టం తీసేసి, మెల్లగా గాలి ఊదితే చాలని లెక్క కట్టారు. జిగురు పొరగా పూయడం మానిపించి చుక్కలుగా పెట్టించారు. వారం వారం ప్రతి భాగం బరువూ బల్ల మీద కాగితంలో రాయించేవారు. జిగురు చుక్కల బరువు కూడా. అంతా రాశాక కళ్ళజోడు తీసి నావైపు చూసి "ఇంకేటైనా ఉందా?" అనేవారు. అది ఆవిడ ఊతపదం. ఒకసారి చిప్ అంచుకి నా వేలిముద్ర పడింది. అది చెప్పలేదు. సూక్ష్మదర్శినిలో ఆవిడే కనిపెట్టారు.

"రాసిన బరువు ఏటీ సెయ్యదే" అన్నారు. "ఎంతుందో తెలుసు గనక లెక్కలో తీసేస్తాం. రాయని బరువే దారి తప్పిస్తాది."

తిట్టలేదు. ఆవిడకి తిట్టడం రాదు. తిట్టే మనిషయితే నా కథ ఇంకోలా ఉండేది.

ఆ గదికి ప్లాస్టిక్ తెరలు, గాలి వడగట్టే యంత్రం ఉండేవి. బయట రైసుమిల్లులు. నూర్పుల రోజుల్లో పడమటి గాలి తోలితే ఊక దుమ్ము ఊరంతా పరుచుకునేది. ఆ రోజుల్లో ఆవిడ పొద్దున్నే మేడెక్కి గాలి ఎటుందో చూసొచ్చి, పనుందో లేదో చెప్పేవారు. దుమ్ము కంటే ఆవిడకి భయం మా ఆడపిల్లల పాదాలు. శుక్రవారం వచ్చిందంటే పసుపు రాసుకుని వచ్చేవాళ్ళం. గుమ్మం దగ్గర ముందు కాళ్ళే చూసేవారు. అక్కడొక బేసిను, చెంబు ఎప్పుడూ ఉండేవి. ఆవిడే వంగి నీళ్ళు పోసేవారు. గురువులాంటి ఆవిడ మన కాళ్ళ మీద నీళ్ళు పోస్తుంటే ఎంత సిగ్గుగా ఉంటుందో! రెండు శుక్రవారాలకే పసుపు మానేశాం. పూలు, పౌడరు, కాటుక, కుంకుమ, అన్నీ గుమ్మం బయటే. స్టిక్కరు బొట్టు ఒక్కటే లోపలికి.

జిగురు చుక్కల ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే వాళ్ళ నాన్న సంగతి చెప్పారు. ఆయన కళింగపట్నంలో పడవలు కట్టేవాడు. కట్టేవాడంటే కుట్టేవాడు. పలకకీ పలకకీ మధ్య మేకు లేకుండా కొబ్బరితాడుతో కుట్టే పడవలు, ఇప్పుడు లేవు.

"మేకు కొడితే పడవ కెరటంతో తగువాడతాదంట. ఎప్పుడో ఒకప్పుడు పగుల్తాది. కుడితే కెరటంతో పాటు ఒంగి లేస్తాది. మా అయ్య ఏటీ సదువుకోనేదు. సిలికాన్ ఒకలాగ, కార్బన్ ఒకలాగ వేడికి సాగుతాయని నాకు ఇంజనీరింగులో సెప్పినారు. అంతా జిగురు పూసేస్తే అవి తగువాడుకుంటాయి. సుక్కలెడితే ఒదుగుతాయి. ఇది కుట్టే."

పదకొండేళ్ళు ఆ నిచ్చెన మీదే పనిచేశారు. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే "నాకు బరువు పడదు" అనేవారు. చివరికి విదేశాల వాళ్ళు అసలైన పల్చటి చిప్‌లు పంపించారు. మా నిచ్చెన ఒకటి పూర్తిగా తయారుచేసి పరీక్షకి పంపాలి. ఇంకో దేశం వాళ్ళు లోహపు గొట్టంతో, మందపాటి చిప్‌లతో ఇంకో నమూనా చేస్తున్నారు. రెండింటిలో ఏది బాగుంటే అన్నిటికంటే లోపలి పొర దానిది. పది చిప్‌లు వచ్చాయి. కావలసినవి తొమ్మిది. పదోది దారిలోనే అంచు విరిగి వచ్చింది. ఇక తొమ్మిదే. ఎనిమిది పెట్టేశాం. ఒక్కటీ చెదరలేదు. తొమ్మిదోది పెట్టాల్సిన రోజుకి ముందు దసరా అడ్డొచ్చింది.

నేను చేసినది చెప్పాలి. చెప్పకపోతే ఇది రాయడం దండగ.

దసరా రోజు వర్క్‌షాపులో ఆయుధపూజ. లేతు మిషన్లకీ, డ్రిల్లుకీ, ఆఖరికి ఊడ్చే చీపురుకీ బొట్లు పెట్టారు. మా ఇంట్లో కూడా అంతే, నాగలికీ కొడవలికీ మా నాన్న సైకిలుకీ బొట్టు పెట్టనిదే పండగ కాదు. మా గదిలో ఒక్క వస్తువుకీ బొట్టు లేదు. ఆ వారమంతా మేడమ్ సరిగా తినలేదు. చిప్ ఎత్తబోయి ఆవిడ మళ్ళీ దించేయడం మొదటిసారి చూశాను. నాకు భయం వేసింది. వర్క్‌షాపులో పూజ చేసిన కుంకుమ చిటికెడు కాగితంలో పొట్లం కట్టుకుని, నా దగ్గరున్న తాళంతో గది తెరిచాను. టోపీ పెట్టుకున్నాను, కోటు వేసుకున్నాను, అన్నీ పద్ధతిగానే. చిప్‌లు పెట్టి అతికించే అల్యూమినియం పళ్ళెం ఒకటి ఉంది. దానికి సూదిమొనంత రంధ్రాలుంటాయి, వాటిలోంచి గాలి పీలిస్తే చిప్ కదలకుండా అంటుకుంటుంది. ఆ పళ్ళెం అడుగున, మూలన, ఎవరికీ కనబడని చోట ఒక చిన్న బొట్టు పెట్టాను. దండం పెట్టుకున్నాను. ఆవిడ కోసమే పెట్టాను. నా కోసం కాదు.

మర్నాడు పొద్దున్న ఆవిడ ఎప్పట్లాగే పళ్ళెం పైభాగం స్పిరిటుతో తుడిచారు. ఆ గుడ్డ అడుగు అంచుకి తగిలిందేమో, కుంకుమ రవ్వ ఎలా పైకొచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తొమ్మిదో చిప్ పెట్టి, గాలి పీల్చే మీట నొక్కారు. టిక్కుమంది. గోరు విరిగినంత చప్పుడు. చిప్ మీద ఒక మూల నుంచి ఇంకో మూలకి సన్నటి గీత.

ఆవిడ మీట ఆపేశారు. తర్వాత సూక్ష్మదర్శిని లాక్కుని చాలాసేపు చూశారు. ఏ చిన్న సంగతి కనబడినా "ఇలగొచ్చి సూడే" అని నన్ను పిలవడం ఆవిడకి అలవాటు. ఆ రోజు పిలవలేదు. దూదిపుల్లతో ఏదో తీసి, తన కోటు జేబులో వేసుకుని, మొహం కడుక్కోవడానికి బయటికెళ్ళారు. ఆవిడ తిరిగొచ్చేలోపు నేను పళ్ళెం ఎత్తి అడుగున ఉన్న బొట్టు తుడిచేశాను. నన్ను పిలవలేదు గనక కారణం కనబడలేదనుకున్నాను. నిజం చెప్పాలంటే, బతికిపోయాననుకున్నాను.

వచ్చాక బల్ల దగ్గర కూర్చుని, అలవాటుగా కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

"ఇంకేటైనా ఉందా?"

"లేదు మేడమ్" అన్నాను.

మర్నాడు తెర మీద మీటింగు. అవతల అయిదారుగురు. ఎలా పగిలిందని అడిగారు. గదిలో దుమ్ము గానీ మలినం గానీ ఉందా అని ఒకాయన గుచ్చి గుచ్చి అడిగాడు. ఉందంటే ఇంకో చిప్ వచ్చేదే. విచారణ జరిగేది, గదిలోకి ఎవరెవరు వెళ్ళారో రాయాల్సి వచ్చేది, అయినా ఇంకో అవకాశం మాత్రం ఇచ్చేవాళ్ళు. ఆవిడ తొందరపడకుండా, లేదన్నారు. గది శుభ్రంగానే ఉంది, తప్పు తన డిజైన్‌ది, చిప్ ఇంత పల్చన ఉంటే ఈ పద్ధతిలో అతికించడం కుదరదు, తన లెక్క తప్పింది అన్నారు. నేను ఆవిడ పక్కనే కుర్చీలో ఉన్నాను. పదకొండేళ్ళ పనిని ఆవిడ రెండు ముక్కల్లో తీసేస్తుంటే నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

గొట్టం ఉన్న నమూనానే తీసుకున్నారు. మా గదిలో తెరలు విప్పేశారు. అది పరీక్ష కాగితాలు దాచే గది అయింది. బేసిను మాత్రం చాన్నాళ్ళు గుమ్మం దగ్గర అలాగే ఉండేది.

నేను డిగ్రీ కాలేజీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఆవిడే ఉత్తరం రాసిచ్చారు. అందులో ఒక వాక్యం: ఈ అమ్మాయి చేతులు శుభ్రమైనవి, ఏ సున్నితమైన పని అయినా నమ్మి అప్పగించవచ్చు. ఆ వాక్యం చదివి నేను ఏడవలేదు. సంతోషించాను. తెలిసుంటే ఇలా రాస్తారా అనుకున్నాను. ఆవిడకి తెలియదని ఆ ఉత్తరం పట్టుకునే నన్ను నేను ఇన్నేళ్ళూ నమ్మించుకున్నాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అనకపోయినా ఏడాదికి రెండుసార్లు ఆవిడని చూడ్డానికి వెళ్ళేదాన్ని.

ఉద్యోగం ముందుగానే మానేసి ఆవిడ కళింగపట్నంలో తమ్ముడింటికి వెళ్ళిపోయారు. కిడ్నీలు పాడయ్యాయి. ఊరూరా ఆ జబ్బే ఉన్న మా జిల్లాల్లో ఆ మాటకి ఎవరూ ఎలా అని అడగరు, ఎన్నాళ్ళైంది అనే అడుగుతారు. వారానికి మూడుసార్లు శ్రీకాకుళంలో డయాలసిస్. సూదికి ముందొకసారి, తర్వాత ఒకసారి బరువు చూస్తారు. అది ఆవిడకి సరదా.

"నాలో నీరెంతో, నేనెంతో ఏరు సేసి సెప్తన్నారే" అన్నారు ఒకసారి. "ఇన్నాళ్ళూ నేను సామాన్లకి సేసినాను. ఇప్పుడు నాకు సేస్తన్నారు."

ఇంటి ముందు ఇసకలో ఎండుచేపలు ఆరేసి ఉండేవి. మంచం మీద కూర్చుని, పక్కన ఆరేసిన సావడాయి చేప ఒకటి తీసి, అరచేతిలో ఎత్తి దించి, తమ్ముడి భార్యకి బరువు చెప్పేవారు. ఎండేకొద్దీ ఎంత తగ్గిందో చెప్పడం ఆ ఇంట్లో పందెం. నేను తీసుకెళ్ళిన కమలాలు కూడా ఒక్కోటి ఎత్తి చూసి "ఇది పీచు, రసం నేదు" అని తేల్చేసేవారు. నిచ్చెన గురించి ఒక్కమాట ఎత్తేవారు కాదు. నేను లేచేటప్పుడు మాత్రం కళ్ళజోడు తీసి చూసేవారు.

"ఇంకేటైనా ఉందా?"

"ఏం లేదు మేడమ్. వస్తాను."

ప్రతిసారీ అదే మాట, అదే జవాబు. బస్సులో కూర్చున్నాక ఈసారి చెప్పేయాల్సింది అనుకునేదాన్ని. వచ్చేసారి చెబుతాలే అనుకునేదాన్ని. అంతలో సీటు దొరికేది, నిద్ర పట్టేసేది. మనిషి ఎంత సిగ్గులేనిదైనా బస్సులో నిద్ర పడుతుంది.

ఆఖరుసారి చూసినది మొన్న వేసవిలో. మంచానికి అంటుకుపోయారు. చెయ్యి పట్టుకుంటే వేళ్ళు చీపురుపుల్లల్లా ఉన్నాయి. నా మొహం చూసి ఆవిడే నవ్వారు.

"ఏటే అలాగ సూస్తావు? ఇప్పుడు నేను డిజైన్ ప్రకారమే ఉన్నాను. తియ్యడానికి ఇంకేటీ నేదు."

ఆవిడ దుప్పటి సర్దాను. కాసేపు కూర్చుని లేచాను. కళ్ళజోడు అప్పటికే పక్కన తీసి పెట్టేసి ఉంది. చూపు సరిగా ఆనకపోయినా నావైపే చూస్తూ, ఎప్పటికంటే నెమ్మదిగా అడిగారు. ఇంకేటైనా ఉందా అని. చెప్పేద్దామనుకున్నాను. ఈ స్థితిలో ఉన్న మనిషికి ఇప్పుడెందుకు చెప్పడం, బాధ పెట్టడం తప్ప, అని నాకు నేనే పెద్ద దయగలదాన్నయి సర్దిచెప్పుకున్నాను. లేదన్నాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

దినానికి వెళ్ళాను. ఇంటి ముందు చేపలు తీసేసి పందిరి వేశారు. గాలికి పందిరి గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. అరుగు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. మేడమ్ వాళ్ళ మేనత్తట, చూపు ఆనదు. చెప్పుల చప్పుడు విని "ఎవులురా వచ్చినాది?" అంది.

లోపల్నుంచి మేడమ్ తమ్ముడు నీళ్ళ చెంబు తెస్తూ చెప్పాడు. "అప్ప దగ్గర పని సేసినాది గదత్తా, బొట్టు గుంట."

"ఓ, బొట్టు గుంటేటి? రా అమ్మా, కూకో" అంది ముసలావిడ, చోటిస్తూ.

చెంబు అందుకోబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ ఇంట్లో అది నా పేరు, బొట్టు పెట్టిన పిల్ల అని. ఎన్నాళ్ళ నుంచో అందరికీ తెలిసిన పేరు. నాకొక్కదానికే తెలియదు.

అతను నా మొహం చూసి చెంబు కింద పెట్టాడు. "నీకు సెప్పనేదేటి అప్ప?"

తల అడ్డంగా ఊపాను. అతను పందిరి రాటకి ఆనుకుని నిలబడి, సముద్రం వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ ముక్క పగిలినాక ఆదివారం ఇక్కడికొచ్చినాది. రెండు మెతుకులు నోటెట్టనేదు. భూతద్దంలో ఎర్రగా రవ్వ కనబడినాదంట. ఊక దుమ్మయితే ఎరుపుండదురా, కుంకమే, ఆ గుంటే బొట్టెట్టుంటాది అంది. మరి తిట్టనేదేటి అన్నాను నేను. నాకైతే కోపమొచ్చేసినాది, ఏటనుకోకు. అప్పకి రానేదు. మలినమని రాస్తే పేరు రాయాల, ఆ గుంట బతుకు పోతాది, లోకమంతా నవ్వుతాది అంది."

గాలికి ఊడిన పందిరి గుడ్డ కొస రాటకి ముడేశాడు.

"ఇంకోటి కూడా ఉంది. మా అయ్య కొత్త పడవ నీట్లో దింపినపుడల్లా దాని ముక్కుకి అప్ప సేతే బొట్టెట్టించీవోడు. ఒక పడవ తిరిగి రానేదు. మా సిన్నాన్న అందులోనే పోనాడు. దానికీ బొట్టెట్టింది అప్పే. అప్పటికి తొమ్మిదేళ్ళు. ఊళ్ళో ఆడోళ్ళు ఎవరికి తోసింది ఆళ్ళన్నారు. మా అయ్య మాత్రం అప్పని ఒక్కమాట అననేదు. నన్ను అయ్య అననప్పుడు, నేను ఆ గుంటని ఏటని అంటానురా అంది."

"మరి నన్ను ఒక్కసారైనా ఎందుకు అడగలేదు?" అన్నాను.

"అడగనేదేటి?" అన్నాడు అతను, ఆశ్చర్యంగా. "వచ్చినపుడల్లా అడిగినాది గదా. నేను గుమ్మంలోనే ఉండీవోణ్ణి. నువ్వొస్తన్నావంటే పొద్దున్నుంచీ, ఈ పాలి సెప్తాదిరా అనీది. నువ్వెల్లిపోయినాక, పాపం, ఇంకా మోస్తన్నాదిరా అనీది. తన గురించి ఏనాడూ అననేదు."

అప్పుడు ఏడ్చాను. దిక్కుమాలిన ఏడుపు. ఆవిడకి తెలియదనుకుని ఏడ్చేది ఒకటి. తెలిసీ, అన్నేళ్ళు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా చేతులు శుభ్రమని రాసిచ్చి, ఆ ఒక్క మాట కోసం కాచుకుని, వినకుండానే పోయారని తెలిశాక ఏడ్చేది ఇంకొకటి. ఆవిడకి నా క్షమాపణ అక్కర్లేదు. నాకే దించుకునే చోటు చూపించారు, వచ్చినప్పుడల్లా. నేను దించుకోలేదు. ముసలావిడ చెయ్యి చాపి నా వీపు తడుముతూ ఉంది.

లోపల గోడ వారగా పీట మీద ఫొటో పెట్టారు. అద్దం లేదు, లామినేషన్ చేయించినది. కాలేజీ గుర్తింపు కార్డులోది పెద్దది చేయించారు. కళ్ళజోడు ఉంది. ఇంట్లోవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళి బొట్టు పెట్టి వస్తున్నారు. అందరూ అయ్యాక తమ్ముడు కుంకుమ భరిణె తెచ్చి నా ముందు పట్టుకున్నాడు.

నేను కదల్లేదు. అతను భరిణె వెనక్కి తియ్యలేదు. చివరికి లేచి ఫొటో ముందు కూర్చుని, ఉంగరం వేలు కుంకుమలో ముంచాను. ఎక్కువ అంటుకుంది. రవ్వలు రాలకుండా అలవాటుగా వేలు భరిణె అంచుకి తట్టి దులపబోయాను.

"దులపకమ్మా, బొట్టెట్టీ" అన్నాడు అతను. "ఇక్కడ పగిలిపోయేదేటీ నేదు."